మూడు బ్యాండ్ల ఫోను

9 నవంబర్ 2003, ఆదివారం. జమ్మలమడుగు

ఎలీషాకు వీసా వచ్చింది. ప్రొద్దుటూరులో సెల్‌ఫోన్ల అంగడి పెట్టుకున్న గఫూర్ చర్చి గేటు దగ్గరికే వచ్చి జిరాక్స్ కాగితం నా చేతిలో పెట్టి పోయాడు. గఫూర్ బావమరిది కరీముల్లా కువైట్లో ఒక షేక్ ఇంట్లో వంటవాడు. అదే ఇంట్లో తోటపనికి మనిషి కావాలంటే నా తమ్ముడి పేరు చెప్పాడట. కాగితమంతా అరబ్బీ. ఎలీషా పేరు ఒక్కటే ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. అది చదువుకున్నాను. చాలు.

అమ్మ ఆ కాగితాన్ని బైబిల్లో పెట్టింది. నేను తీసి బీరువాలో పెట్టాను. మధ్యాహ్నం చూస్తే మళ్ళీ బైబిల్లోనే ఉంది.

కోర్టు సమన్లు వచ్చిన రోజు ఎలీషా దువ్వూరు పోయాడు. చిన్నమ్మ ఇంట్లో, తలుపులు వేసుకుని ఉన్నాడు. రెండేళ్ళ కిందట పులివెందుల నుంచి వస్తూ తొండూరు దాటాక, వీడు పనిచేసే పెద్దాయన జీపు మీద బాంబులు పడ్డప్పుడు స్టీరింగు దగ్గర ఉన్నది వీడే. పెద్దాయన అక్కడే పోయాడు. వీడికి ఎడమ చెవి పోయింది, ప్రాణం మిగిలింది. మిగిలినందుకు కేసులో మొదటి సాక్షి అయ్యాడు. పెద్దాయన ఎవరో, ఆయన కొడుకు ఎవరో, అవతలి వర్గం వాళ్ళు ఎవరో ఇక్కడ కూడా రాయను. నాకు తెలుసు కదా.

వాడు కళ్ళారా చూసింది ఇద్దరినే. కేసులో మాత్రం అవతలి వాళ్ళ ఊళ్ళో మగవాళ్ళు సగం మంది ఉన్నారు. వాళ్ళలో మా చర్చికి వచ్చే పౌలు కూడా ఉన్నాడు. అవతలి వాళ్ళ చేలో కూలి చేసినందుకు అతని పేరూ రాశారు. బాంబులు పడ్డచోట పౌలు లేడని ఎలీషా నాతో చెప్పాడు. దాని గురించి తర్వాత రాస్తాను.

పాస్‌పోర్టు పెద్దాయన కొడుకు దగ్గర ఉంది. ఎలీషా ఆ ఇంట్లో డ్రైవరుగా ఉన్నప్పుడు “నా కాడ భద్రంగా ఉంటాదిలే” అని ఆయనే తీసుకున్నాడు. అది కూడా తర్వాత.

ముందు వాడికి మంచి సెల్‌ఫోను కొనాలి. ఎస్టీడీ బూత్‌లో మాట్లాడితే మనం ఇల్లు చేరేలోపు ఆ మాట పెద్దాయన కొడుకు చెవిలో పడుతుంది. వాడు విమానం దిగిన క్షణం నుంచి వాడి గొంతు నాకు వినపడాలి. గఫూర్ అంగడి ఫోను నుంచి నేను మాట్లాడతాను, మధ్యలో ఇంకెవరూ ఉండకూడదు.

11 నవంబర్, మంగళవారం

బడికి సెలవు పెట్టి ప్రొద్దుటూరు పోయాను. బంగారు అంగళ్ళ వీధి దాటి సందులోకి తిరిగితే గఫూర్ అంగడి. అద్దాల పెట్టెలో ఫోన్లు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. మనుషులు ఎక్కువగా ఉన్నారు. వాళ్ళు పోయేదాకా ఆగాను.

“ఎవురికో నాకు తెలుసులే టీచరమ్మా,” అన్నాడు మెల్లగా. “కూర్చో.”

ఇప్పుడు ఊరందరి చేతుల్లో కనపడే ఫోనొకటి తీశాడు. తీసి తనే పక్కన పెట్టేశాడు.

“ఇది వద్దు. దీంట్లో సిమ్ము చిప్పు ల్యా. నంబరు సెట్టుకే అంటుకోని ఉంటాది. ఈడ బాగా పలుకుతాది. కువైట్లో దిగినాక పిల్లోళ్ళు ఆడుకోను తప్ప దేనికీ పనికిరాదు.”

ఇంకొకటి ఇచ్చాడు. నల్లది, చేతిలో బరువుగా ఉంది. వెనక మూత తీసి చిప్పు ఎక్కడ పెట్టాలో చూపించాడు.

“ఇది రెండు బ్యాండ్లది. కువైట్లో గాలిలో పోయే లైన్లు రెండు రకాలు, ఇది రెండూ పడతాది. తాళం ల్యా, ఏ దేశం చిప్పు యేసినా పట్టుకుంటాది. ఆడ చిప్పు కరీముల్లా ఇస్తాడు. ఇది తీసి అది యేసుకుంటే అయిపాయె.”

“అన్ని దేశాల్లో పనిచేస్తుందా?”

“అమెరికాలో చెయ్యదు. దానికి మూడు బ్యాండ్లది కావల్ల. మనోడు అమెరికా యాడ పోతాడు?”

“గఫూర్, కువైట్లో మన జిల్లా వాళ్ళు ఎక్కువే ఉన్నారా?”

“ఉండేదే మనోల్లు గదా! శుక్రవారం పూట బజారుకు పోతే కడపలో ఉండామా కువైట్లో ఉండామా తెలీదు.”

నేనడిగింది అది కాదు. అవతలి వాళ్ళ మనుషులు కూడా ఉన్నారా అన్నది నా ప్రశ్న. అతనికి అర్థమయింది. గుడ్డ తీసి అద్దం తుడిచాడు.

“మూడు బ్యాండ్లది ఈడ ల్యా టీచరమ్మా. మద్రాసు నుంచి తెప్పియ్యల్ల. దినాలు పడతాది. నా మాటిను, రెండు బ్యాండ్లు సాలు. ల్యాకుంటే ఆడికే పోయి కొనుక్కోమను, ఆడ దొరకవా ఏంది?”

తెప్పించమన్నాను. వాడు అక్కడ కూడా ఉండలేకపోతే ఇంకా దూరం పోవాలి కదా. ఎంత దూరమైనా పనిచేసేది కావాలి.

చెవి సంగతి అడిగాను. మోగకుండా జేబులో వణికేది ఉంటుందట. షేకుల ఇళ్ళల్లో పనివాళ్ళ ఫోను మోగితే గిట్టదు, అందుకు కూడా అదే మేలు అన్నాడు. మీటలు పెద్దవిగా ఉండాలన్నాను. సరేనన్నాడు.

బస్సులో తిరిగి వస్తుంటే చాలా రోజుల తర్వాత ఒక పని చేసినట్టు అనిపించింది.

12 నవంబర్

రెండు బ్యాండ్లు చాలు అంటాడు గఫూర్. అతనికేం తెలుసు.

15 నవంబర్, శనివారం

గఫూర్ స్కూటర్ మీద దువ్వూరు వచ్చాడు, సంచిలో మూడు రకాల ఫోన్లు వేసుకుని. ఏది చేతికి సరిపోతుందో చూసుకోమని. నేను ముందే బస్సులో పోయాను. ఎలీషాకు గడ్డం పెరిగింది. నన్ను చూసి నవ్వాడు గానీ గుమ్మం దాకా రాలేదు.

గఫూర్ ఒక ఫోను వాడికిచ్చి, ఇంకొకటి పట్టుకుని రోడ్డు మీదికి పోయాడు. అక్కడి నుంచి కలిపాడు. ఎలీషా ఫోను చెవికి పెట్టుకున్నాడు. కాసేపు ఉండి నా వైపు తిరిగాడు.

“పలకల్యా అక్కా. ఇది పని జేయదు.”

అలవాటు కొద్దీ ఎడమ చెవికి పెట్టుకున్నాడు. నేను వాడి చేతిని పట్టుకుని ఫోను కుడి చెవికి పెట్టాను.

“ఆఁ! ఇనపడతాంది మామా. పక్కన నిలబడి మాట్లాడినట్టుండాది.”

చిన్నమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది.

వాడికి నచ్చింది పెద్ద మీటలది కాదు. చిన్నది, అందులో పాము ఆట ఉంది. మంచం మీద కూర్చుని ఆడుతూనే ఉన్నాడు. గఫూర్ వాడి భుజం మీదుగా వంగి చూస్తూ “తిప్పు, తిప్పు, అయ్యో సచ్చిపాయె” అని అరుస్తున్నాడు. ముగ్గురమూ నవ్వాము. వాడికి ఇరవై ఏడేళ్ళు. ఆ ఇంట్లోకి జీపు తోలడానికి పోకముందు ఎట్లా ఉండేవాడో అట్లా ఉన్నాడు కాసేపు.

గఫూర్ పోయాక ఎలీషా, ఫోను లేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చున్నాడు.

“అక్కా, పోయేముందు కోర్టుకు పోయొస్తా. నేను జూసింది ఇద్దర్నే అని జెప్తా. పౌలన్న ఆడ ల్యాడని జెప్తా. చెప్పి పోతా.”

“చెప్పినాక నిన్ను పోనిస్తారా?”

“ఏమో. చెప్పకపోతే ఆయప్ప జైల్లో పడతాడు గదా.”

ఫోను రానీ, తర్వాత మాట్లాడుకుందాం అన్నాను.

23 నవంబర్, ఆదివారం

ఆరాధన అయ్యాక పౌలు భార్య యేసమ్మ నా కోసం చర్చి పక్క గోడ దగ్గర నిలబడింది. వాళ్ళ పాప ఏడో తరగతి, నా క్లాసే. పౌలు బెయిలు మీద ఉన్నాడు. ఇటుకల బట్టీలో పనికి పోతున్నాడు. అవతలి వాళ్ళు ఇప్పుడు చేలోకి రానివ్వడం లేదట. వాళ్ళ కూలికి పోయినందుకే కేసులో ఇరుక్కున్నాడు, వాళ్ళే వద్దన్నారు.

“సుశీలక్కా, నీ తమ్ముడు యాడుండాడో నాకొద్దు. ఒక్క మాట కోర్టులో జెప్తే సాలు. పౌలు ల్యాడు అని. ఉన్నమాటే గదా అక్కా.”

చెప్తాడు అన్నాను.

“నువ్వు జెప్పినావంటే నేను నిద్రపోతా,” అని నా చేతులు పట్టుకుంది. ఆమె అరచేతులు గరుకుగా, వేడిగా ఉన్నాయి.

మద్రాసు నుంచి ఫోను ఇంకా రాలేదు.

30 నవంబర్

రాలేదు.

కరీముల్లా ఫోన్ చేశాడట. ఫిబ్రవరి మొదటి వారం దాటితే ఈ వీసా చెల్లదు.

6 డిసెంబర్, శనివారం

పెద్దాయన కొడుకు ఇంటికి వచ్చాడు.

రెండు సుమోలు వీధి మొదట్లో ఆగాయి. ఆయన ఒక్కడే లోపలికి వచ్చాడు, చెప్పులు గుమ్మం బయట విడిచి. అమ్మ కాళ్ళకు దణ్ణం పెట్టాడు. అమ్మ భయపడి వెనక్కి జరిగింది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని టీ అడిగి తాగాడు.

“మా నాయన కూడా ఈడ టీ తాగినాడు గదా రాములమ్మా,” అన్నాడు అమ్మతో. తర్వాత నావైపు తిరిగాడు. “టీచరమ్మా, ఎలీషా మా ఇంటి మనిషి. మా నాయన రక్తం వాని గుడ్డల మీద పడినాది. వాడు పోయి దువ్వూరులో కూసుంటే నాకెట్లుంటాది జెప్పు?”

దువ్వూరు అన్నాడు. ఆ ఊరి పేరు ఆయనకు మేము చెప్పలేదు.

“కువైట్ పోతే పోనీ. నేనేమన్నా వద్దంటినా? సాక్ష్యం జెప్పి పోనీ. కేసులో ఉండే పేర్లన్నీ జెప్తే సాలు. ఆ పొద్దే పాస్‌పోర్టు వాని చేతిలో పెడతా.”

“వాడు చూసింది...” అని ఆగిపోయాను.

“వాడు జూసింది నేను జెప్తా గదమ్మా.” గొంతు పెంచలేదు. టీ గ్లాసు కిందపెట్టి లేచాడు. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ అన్నాడు. “అవునూ, మూడు బ్యాండ్లది ఎందుకు టీచరమ్మా? కువైట్‌కు రెండు సాలంట గదా.”

సుమోలు పోయాక అమ్మ ఆ గ్లాసును కడగలేదు. బయట పారేసింది.

8 డిసెంబర్

గఫూర్‌ను అడిగాను. ఏడుపు ముఖం పెట్టాడు. “నా అంగడి ముందర ఎవురు నిలబడతారో, ఏమి ఇంటారో నేనెట్ల జెప్పేది టీచరమ్మా. నా పిల్లల మీద ఒట్టు. నేను జెప్పలా.” నమ్మాను. నమ్మక ఏం చేయను. ఫోను తెచ్చేది అతనొక్కడే.

25 డిసెంబర్

ఆరాధనకు పోయి వచ్చాము. పౌలు కుటుంబం మా ముందు వరసలో కూర్చుంది. పాపకు కొత్త గౌను కుట్టించారు. నేను కళ్ళు మూసుకునే ఉన్నాను, ప్రార్థనలో ఉన్నట్టు.

9 జనవరి 2004, శుక్రవారం

ఎలక్షన్లు ముందే వస్తున్నాయి. ఊళ్ళో గోడలన్నీ పార్టీల వాళ్ళు సున్నం కొట్టి రిజర్వు చేసుకున్నారు.

ఈ రోజు స్టాఫ్‌రూములో అందరూ ఒకటే మాట. పెద్దాయన కొడుకు, అవతలి వాళ్ళు ఒకే పార్టీలో చేరిపోయారు. టికెట్ ఒకరికి, కాంట్రాక్టులు ఒకరికి. గండి గుళ్ళో ఆంజనేయస్వామి ముందు, పాత పగలు మరిచిపోయినట్టు ఈయనా అవతలి వాళ్ళ నాయకుడూ ప్రమాణం చేశారట. దండలు వేసుకున్న ఫోటో పేపర్లో వచ్చింది. ఇద్దరూ నవ్వుతున్నారు.

రాజీ పడ్డారంటే కేసు పోయినట్టే కదా. ఎలీషా ఎవరి పేరూ చెప్పనక్కర్లేదు. పౌలు బయటపడతాడు. వీడు వెళ్ళిపోతాడు. ఇంటికి రాగానే అమ్మకు చెప్పాను. ఇద్దరమూ మోకరించాము.

11 జనవరి, ఆదివారం

ఉదయం ఆరాధన కాగానే చర్చి సంఘ పెద్ద జయరాజు సార్ మా ఇంటికి వచ్చారు. రిటైర్డ్ హెడ్‌మాస్టర్. నాకు అక్షరాలు దిద్దించిన మనిషి. పెద్దాయన కొడుకు పంపగా వచ్చానని ఆయనే చెప్పారు.

“కేసు మొత్తం ఎత్తేస్తే కొడుకు తండ్రిని అమ్ముకున్నాడని వాళ్ళ మనుషులే ఊస్తారమ్మా. అందుకని ఎవరో ఒకరికి శిక్ష పడాలి. ఎలీషా చూసిన ఆ ఇద్దరి పేర్లు ఇంక రాకూడదు. వాళ్ళిప్పుడు పార్టీలో మనుషులు.”

“మరి ఎవరి పేర్లు?”

“ముగ్గురు కూలోళ్ళు. పౌలు, ఇంకిద్దరు.” ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “పై కోర్టులో బెయిలు వాళ్ళే చూస్తారంట. ఇంటి జరుగుబాటు కూడా చూస్తారంట. ఎలీషా చెప్పినా పౌలుకు తప్పదమ్మా, చెప్పకున్నా తప్పదు. చెప్పకపోతే మాత్రం మీ వాడు కూడా పోతాడు.”

“సార్, పౌలు మన సంఘం వాడు.”

“తెలుసు,” అన్నారు. కుర్చీలో చాలాసేపు కూర్చుని వెళ్ళారు.

పై కోర్టులో బెయిలు వస్తుంది. ఆ సంగతి ఆయన గట్టిగానే చెప్పారు.

12 జనవరి

ఫోను వచ్చింది.

బూడిద రంగుది. మీటలు పెద్దవి. గుండె జేబులో పెట్టుకుంటే బాగా తెలిసేటట్టు వణుకుతుంది. గఫూర్ కువైట్ గోడల్లో దూరే మూడు పలకల పిన్ను కూడా ఇచ్చాడు. మన చార్జరు పిన్ను అక్కడ పట్టదట. “ఇంగ ఏ లోకానికి పోయినా ఇది పలుకుతాది టీచరమ్మా,” అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు.

ఇంటికి తెచ్చి అమ్మ చేతిలో పెట్టాను. అమ్మ దాన్ని తిప్పి చూసి “వాన్ని పంపిచ్చేది ఇదేనా?” అంది.

18 జనవరి, ఆదివారం

దువ్వూరు పోయాను. జయరాజు సార్ చెప్పింది చెప్పినట్టు ఎలీషాకు చెప్పాను. నేను కల్పించింది ఏమీ లేదు. తీసేసింది కూడా లేదు.

వాడు మంచం పట్టె మీద గోరుతో గీస్తూ విన్నాడు.

“నువ్వేమంటావక్కా?”

“నేనేమంటాను. నీ ఇష్టం.”

“నా ఇష్టం అడగద్దు. నువ్వు జెప్పు. నువ్వు వద్దంటే ఆ పేర్లు చెప్పను. ఏమైతే అదయితాది.”

నేను సంచిలోంచి డబ్బా తీశాను. ఫోను చూపించాను. చిప్పు పెట్టడం, తీయడం, పిన్ను తగిలించడం, మోగకుండా వణికేటట్టు మార్చడం అన్నీ నేర్పించాను. కరీముల్లా నంబరు, గఫూర్ అంగడి నంబరు అందులో ఎక్కించాను. వాడు అన్నీ బుద్ధిగా నేర్చుకున్నాడు.

“పాము ఆట ల్యా దీంట్లో,” అన్నాడు చివరికి.

ఫోను మాత్రం ఇచ్చి వచ్చాను.

21 జనవరి, బుధవారం

ప్రొద్దుటూరు కోర్టు.

ఎలీషాను పెద్దాయన కొడుకు సుమోలోనే తెచ్చారు. గడ్డం గీయించారు, తెల్ల చొక్కా వేశారు. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. రెండు బెంచీల ముందు యేసమ్మ. నన్ను చూసి తల ఊపింది. నవ్వింది కూడా.

లాయరు ఎడమవైపు నిలబడి అడుగుతుంటే వాడికి వినపడలేదు. రెండుసార్లు “ఆఁ?” అన్నాడు. జడ్జి గారు లాయరును కుడివైపుకు రమ్మన్నారు. అప్పుడు వాడు నావైపుకు తిరగాల్సి వచ్చింది.

“బాంబులు వేసినవాళ్ళలో ఎవరెవరిని గుర్తుపట్టావు?”

వాడు నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. నేను తల అడ్డంగా ఆడిస్తే చాలు. నాకు తెలుసు, అంతే చాలు. నేను ఒళ్ళో సంచి సర్దుకున్నాను. తాడు ముడిపడి ఉంటే విప్పుకున్నాను.

పౌలు పేరు మొదట చెప్పాడు. తర్వాత ఇంకిద్దరి పేర్లు. చెయ్యెత్తి చూపించమంటే చూపించాడు.

పౌలు చేతులు కట్టుకునే నిలబడి ఉన్నాడు. యేసమ్మ వెనక్కి తిరగలేదు.

సాయంత్రం పాస్‌పోర్టు ఇంటికి పంపించారు. మాట తప్పలేదు.

22 జనవరి

బడికి పోయాను.

3 ఫిబ్రవరి, మంగళవారం

ఎలీషా మద్రాసు బస్సెక్కాడు. ప్రొద్దుటూరు బస్టాండుకు గఫూర్ కూడా వచ్చాడు. అమ్మ వాడి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తుంటే వాడు నేల చూస్తూ నిలబడ్డాడు. నేను ఫోను జేబులో ఉందా అని అడిగాను. తడిమి చూపించాడు. పిన్ను ఉందా అని అడిగాను. ఉందన్నాడు. ఇంకేమీ అడగడానికి దొరకలేదు.

బస్సు కదిలాక కిటికీలోంచి ఏదో అన్నాడు. “ఏంది?” అని అరిచాను. వాడికి వినపడలేదు. నాకూ వినపడలేదు.

6 ఫిబ్రవరి

దిగాడు. గఫూర్ అంగడి నుంచి మాట్లాడాను. గొంతు ఎంత స్పష్టంగా ఉందో. పక్కన నిలబడి మాట్లాడినట్టే ఉంది. అక్కడ ఇంకా చలిగానే ఉందట, ఇసుక నేల తెల్లగా ఉందట. అన్నం కరీముల్లా వండుతున్నాడట. గఫూర్ బయటికి పోయి నిలబడ్డాడు, మాట్లాడుకోనీ అని. మాట్లాడుకోలేదు.

20 ఫిబ్రవరి, శుక్రవారం

ముగ్గురికీ యావజ్జీవం.

బడి వదలగానే ప్రొద్దుటూరు పోయాను. అంగడిలో జనం ఉన్నారు. అయినా కలిపించుకున్నాను. ఒక్క వణుకుకే ఎత్తినట్టున్నాడు.

“పౌలుకు శిక్ష పడింది,” అన్నాను.

“ఏంది?”

“పౌలుకు. జీవితమంతా.”

“ఇనపడల్యా అక్కా.”

“ఏ చెవికి పెట్టుకున్నావు?”

“మంచి చెవికే పెట్టుకున్నా. ఇనపడల్యా.” మళ్ళీ అన్నాడు. “ఇనపడల్యా అక్కా నాకు.”

అమ్మ బాగుందని చెప్పాను. అది వినపడింది.

27 ఫిబ్రవరి

జయరాజు సార్‌ను అడిగాను, పై కోర్టు సంగతి. ఎలక్షన్లు కానీమ్మా అన్నారు.

1 మార్చి

పౌలు పాప బడికి రావడం లేదు. బట్టీకి పోతోందని పిల్లలు చెప్పారు.

జరుగుబాటు అన్నారు కదా. ఎవరూ ఏమీ పంపలేదట.

14 మార్చి, ఆదివారం

రాయాలా వద్దా అని ఉదయం నుంచి పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాను.

నిన్న పొద్దున బస్టాండులో యేసమ్మ కనపడింది. కడప పోతోంది, జైలుకు, పౌలును చూడడానికి. నేను తప్పుకుని పోవాలనుకున్నాను. ఆమే నా దగ్గరికి వచ్చింది. చేతిలో గుడ్డసంచి. అందులో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు.

“నీ కాడికే రావల్లనుకుంటాండా,” అంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

“కువైట్లో ఆడోళ్ళకు ఇంటి పని వీసాలు దొరుకుతాయంట గదా. ఆ గఫూర్ బావమరిదికి ఒక మాట జెప్పు. నేను పోతా.”

“పాప?”

“మా అమ్మ కాడ ఉంటాది.”

“మా ఇంట్లో ఉంచు యేసమ్మా. నేను చదివించుకుంటాను. నా బిడ్డ మాదిరి చూసుకుంటాను.”

ఆమె నా ముఖంలోకి చూసింది. కోపం లేదు. సంతలో మనకు అక్కర్లేని వస్తువును చూసినట్టు చూసింది.

“వద్దులే టీచరమ్మా.”

నేను కరీముల్లా నంబరు కాగితం మీద రాసి ఇచ్చాను. ఆమెకు చదవడం రాదు. అయినా తిప్పి చూసుకుని జాకెట్‌లో దోపుకుంది. కడప బస్సు వచ్చి ఆగింది. జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు. ఆమె కదలలేదు.

“నీ తమ్ముడు ఆడ కనపడితే ఏమనల్ల నేను?”

కండక్టరు కేకలు వేస్తున్నాడు. ఆమె సంచిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

“ఏమీ అనన్లే,” అంది. “ఆ దేశంలో నాకు మనోడంటే వాడొక్కడే గదా.”

బస్సెక్కి కూర్చుంది. కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. తర్వాత బడికి పోయి ఏడో తరగతికి పాఠం చెప్పాను.